అరవై నాలుగు సందులు

సాలిస్‌బరీ, అడిలైడ్

గ్లెనిస్ అమ్మా,

మూడు గురువారాలుగా మీరు రాలేదు. ఎందుకో నిన్న తెలిసింది, తప్పు నాదే.

మీరు గీసిచ్చినట్టు నేను చేసిన చిన్న రాడార్ యాంటెన్నా బోర్డు మీద అరవై నాలుగు రాగి రింగులున్నాయి కదా. ప్రతి రింగులో వెంట్రుక పట్టేంత సందు కనిపించింది. ముప్పై ఏళ్లుగా సర్క్యూట్ బోర్డులు చేస్తున్నవాణ్ణి, తెగిన గీత చూస్తే నా చెయ్యి ఊరుకోదు. భూతద్దం పెట్టుకుని రెండు రోజులు కూర్చుని అన్నీ టంకం వేసి అతికేసి మీ ల్యాబ్‌కి పంపాను. మీరు సంతోషిస్తారనుకున్నాను.

నిన్న మీ ల్యాబ్ ట్రెవర్ వచ్చి బోర్డు బల్ల మీద పడేశాడు. "ఆ సందు ఉంటేనే కదయ్యా తరంగం రింగులో చిక్కేది. ఇంత శ్రద్ధగా పాడుచేసేవాణ్ణి ఎక్కడా చూళ్లేదు" అన్నాడు. ఇకమీదట సిడ్నీలో చేయిస్తారట.

చేయించుకోండి, అక్కడి మిషన్లు మంచివి. ఈ బోర్డు మాత్రం సందులతో సహా మళ్లీ చేసి పెట్టాను. ట్రెవర్ని పంపకుండా మీరే వచ్చి తీసుకెళ్లండి. మా ఆవిడ పోయాక ఈ కొట్లో కూర్చుని టీ తాగింది మీరొక్కరే. గురువారం వస్తే కెటిల్లో ఇప్పటికీ ఇద్దరికి సరిపడా నీళ్లే పోస్తున్నాను.