బావగార్లూ, ఒక యాంప్లిఫయరూ

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, చెల్లెమ్మగారూ క్షేమమని తలుస్తాను.

సంగతేమంటే, పిల్లల ఇంట్లో స్టీరియో మూగబోయింది. పాత పవర్ యాంప్లిఫయరు టప్పుమని ఆగిపోయిందట. ఈసారి ముసలివాళ్లయ్యేదాకా ఉండే మేలురకం కొనాలనుకున్నారు. మా అబ్బాయికి నల్లది నచ్చింది, మీ అమ్మాయికి వెండిరంగుది నచ్చింది. మాటామాటా పెరిగి ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. "నాన్నా, మీరూ మామయ్యగారూ కలిసి ఏది చెబితే అది కొంటాం, మా వల్ల కాదు" అని మావాడు ఫోను చేశాడు. అంటే ఆ కాపురం మన నెత్తిన పడింది.

నా ఉద్యోగమంతా లారీల తూకం దగ్గరే గడిచింది. బరువు లేని వస్తువును నేను నమ్మను. నల్లదాన్ని ఇద్దరు మనుషులు పడితే గానీ ఎత్తలేరు. ఆ బరువంతా ట్రాన్స్‌ఫార్మరుదట, అది గట్టిదైతే యంత్రం చెక్కుచెదరదట. అయినా సరే, మా కోడలు ముచ్చటపడ్డ వెండిదే కొందాం. కోడలి మాట తీసేశామన్న పేరు మాకొద్దు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఇదంతా ఫోనులోనే చెప్పొచ్చు. కానీ ఫోనులో మర్యాదకు చోటు సరిపోదు.

* * *

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ పెద్ద మనసుకు మీ చెల్లెలు కళ్లు తుడుచుకుంది. కానీ నేను ఒప్పుకోలేను. అల్లుడుగారు చెప్పిన నల్లదే కొనాలి.

నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. వేడెక్కే యంత్రమంటే నాకు పడదు. ఆ నల్లది పాట లేనప్పుడు కూడా పెనంలా కాలుతుందని దుకాణంవాడే ఒప్పుకున్నాడు. ఆ వేడికి లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. వెండిది చల్లగా నడుస్తుంది, విడిభాగాలు ఎప్పటికైనా దొరుకుతాయి. తెలివైనవాడెవడైనా వెండిదే కొంటాడు. అయినా మనం నల్లదే కొందాం. అల్లుడి మాటే మా మాట. మా అమ్మాయికి సంగీతం గురించి ఏం తెలుసు? చిన్నప్పుడు కాలింగ్ బెల్ మోగినా చేత్తో తాళం వేసేది.

ఇట్లు,
మీ బావ

తా.క.: "తెలివైనవాడెవడైనా" అన్న వాక్యం కొట్టేయమని మీ చెల్లెలు అంటోంది. ఉత్తరంలో కొట్టివేతలుంటే మర్యాదగా ఉండదని ఉంచేశాను.

* * *

బావగారికి,

నమస్కారాలు. క్షేమం.

మా చెల్లెమ్మగారు కొట్టేయమన్న వాక్యాన్ని మా ఇంట్లో అందరం చదివాం. మావాడు తెలివితక్కువవాడని మీ ఉద్దేశం కాదని మా ఆవిడకు నచ్చజెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు.

నిజానికి వాడు తెలివితక్కువవాడే. కన్నవాణ్ణి, నేను అనొచ్చు. చెప్పులు కొనడానికి వెళ్లి ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చిన ఘనుడు. వాడి మాట మీద జీవితాంతం ఉండే వస్తువు కొంటామా? వెండిదే ఖాయం.

ఇకపోతే, మా కోడలు కాలింగ్ బెల్‌కి తాళం వేసిందని మీరు రాయడం నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఇప్పుడు మా ఇంటి పిల్ల. ఎవరేమన్నా ఊరుకోను, మీరైనా సరే.

ఇట్లు,
బావ

తా.క.: నేను కూడా దుకాణానికి వెళ్లాను. రెండింటినీ తూచి చూస్తాను, కాటా ఉందా అని మర్యాదగానే అడిగాను. అంతే మర్యాదగా బయటిదాకా సాగనంపారు.

* * *

అయ్యా,

క్షేమం.

మా అల్లుడుగారిని తెలివితక్కువవాడని రాశారు. ఇంకోసారి రాస్తే బాగుండదు. ఒక్క చెప్పు తెచ్చారంటే, రెండోది ఇవ్వని చెప్పులవాణ్ణి అడగాలి గానీ ఆయన్ని అంటారేం?

కన్నకూతుర్ని మీ దగ్గర చులకన చేశానని మీ చెల్లెలు నాతో ముభావంగా ఉంటోంది. అన్నం పెడుతోంది గానీ ఏం కూరో చెప్పడం లేదు. మర్యాదకు పోయి నాకు ఒరిగింది ఇదీ. కనక ఇక మర్యాద కట్టిపెడుతున్నాను. మా అమ్మాయి చెప్పిందే సబబు. వెండిదే కొనండి.

ఇట్లు,
అమ్మాయి తండ్రి

తా.క.: స్టాంపు అంటించేలోగా కోపం తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు.

* * *

అయ్యా,

మీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. కొడుకుని పరాయివాళ్ల ముందు దిగజార్చానని మా ఆవిడ వంటగదిలో గిన్నెలతో సమాధానం చెబుతోంది. ఆలోచిస్తే నాదే తప్పు. మీరు మొదటినుంచీ అంటున్న నల్లదే కొనేద్దాం. గొడవ తీరిపోయింది.

ఇట్లు,
అబ్బాయి తండ్రి

తా.క.: కవరు అంటిస్తుండగా మీ ఉత్తరం అందింది. వెండిదా? ఇన్నాళ్లూ నల్లది, నల్లది అని, నేను ఒప్పుకోగానే వెండిదా? నల్లదే!

* * *

ప్రియమైన బావగారికి,

నమస్కారాలు. కోపం కాస్త పక్కనపెట్టి చదవండి.

ఇక లాభం లేదని నిన్న పిల్లల ఇంటికే వెళ్లాను. మన పంతాల వల్ల వాళ్ల కాపురం ఏమైపోతుందోనని దారంతా దిగులుపడ్డాను. మెట్లెక్కుతుంటే పాట వినిపించింది. లోపలికి వెళ్లి చూస్తే మోగుతున్నది ఆ పాత యాంప్లిఫయరే. దాని ఎదుట ఒకే సోఫాలో, ఒకే దుప్పటి కప్పుకుని ఇద్దరూ కూర్చున్నారు. పోయింది ఫ్యూజేనట. ఎప్పుడో మార్చేశారట.

"మరి మాకు చెప్పలేదేం?" అన్నాను.

"ఏం చెప్పమంటావు నాన్నా?" అంది అమ్మాయి. "ఆ గొడవ మీ ఇద్దరికీ అప్పజెప్పిన సాయంత్రం నుంచే మా ఇల్లు ప్రశాంతంగా ఉంది."

అల్లుడుగారు పాట ఆపి నా చెయ్యి పట్టుకున్నారు. "మామయ్యగారూ, మీరు ఏదో ఒకటి తేల్చేస్తే అది మళ్లీ మా ఇంటికే వస్తుంది. దయచేసి తొందరపడి ఒక మాట మీదికి రాకండి" అన్నారు.

వాళ్లను అలా చూస్తే నా కళ్లు చెమర్చాయి. దాచుకోవడం దేనికి?

అంచేత బావగారూ, మీరు నల్లది వదలకండి. నేను వెండిది వదలను. వచ్చే ఉత్తరంలో నన్ను నాలుగు మాటలనండి, ఏమీ అనుకోను. ఆరోగ్యం మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఈ తగువు చాలాకాలం నడవాలి.

ఇట్లు,
మీకు ఎప్పటికీ లొంగని
మీ బావ

తా.క.: తిరిగి వచ్చేటప్పుడు దుకాణంలో కూర్చుని, ఒకే పాటను రెండింటి మీదా విన్నాను. నాకు తేడా ఏమీ తెలియలేదు. పిల్లలకు చెప్పకండి.