వెనక్కి జరిగిన లైన్

మార్చి 3, మంగళవారం

మోకాలు మళ్ళీ వాచింది. రెండు రోజులు మైదానంలో అడుగు పెట్టొద్దని ఫిజియో ఆర్డర్. ఈ మోకాలికి నాకంటే అతనే ఎక్కువ సేవ చేశాడు, కాదనలేను.

కాంట్రాక్ట్ కాగితాలు ఇంటికొచ్చాయి. ఇంకో ఏడాది. సంతకం పెట్టడమే తరువాయి. ముప్పై ఏడేళ్ళ కెప్టెన్ని ఇంకా రమ్మంటున్నారంటే గొప్పే.

పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కా తొడిగాను, ఇంకో చొక్కా తొడగలేదు. పేపర్లవాళ్ళు విధేయత అని రాస్తారు. ఒకసారి పెద్ద క్లబ్బు పిలిచింది, వెళ్ళలేదు. సామాన్లు సర్దడమంటే నాకెంత బద్ధకమో మా ఆవిడకే తెలుసు. పైగా ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో చెమట కంపు మధ్య కూర్చుని ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకోవడం నాకు ఇష్టం. అది వేరేచోట దొరుకుతుందో లేదో అని భయం కూడా వేసింది.

మార్చి 4, బుధవారం, ఉదయం

ఫిజియో గది మేడ మీద. మోకాలి మీద ఐస్ పెట్టుకుని కిటికీలోంచి ట్రైనింగ్ చూశాను. మన డిఫెన్సేనా అనిపించింది. నలుగురు డిఫెండర్లూ ఒకే లైన్‌గా మైదానం మధ్య దాకా వచ్చి నిలబడ్డారు. ఆటంతా ఎదుటివాళ్ళ సగంలోనే. బంతి తల మీదుగా వెనక్కి పడితే పరుగెత్తి పట్టుకునే కాళ్ళుండాలి, వాళ్ళకున్నాయి. ఎడమ అంచున నా స్థానంలో మా రిజర్వ్ లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు. వాడు మామూలోడు కాదు.

ఎంత బాగా ఆడారో! ఇదేం కొత్త పద్ధతి అని ఫిజియోని అడిగాను. కొత్తదేం కాదు అని నాలిక కరుచుకున్నాడు. ఆ తర్వాత ఎంత అడిగినా బ్యాండేజీ చుట్టడమే పని.

మార్చి 6, శుక్రవారం

ట్రైనింగ్‌కి వెళ్ళాను. నేను నా చోట్లో నిలబడగానే డిఫెన్స్ లైన్ మొత్తం మా గోలు వైపు జరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. భోజనాల దగ్గర పెద్దాయన వస్తే కుర్చీలు జరిపినట్టు జరిగారు.

ఇదేంట్రా అంటే, ఇలా ఉంటే సేఫ్ అన్నా అన్నాడు నా పక్కన ఆడే సెంటర్ బ్యాక్, నా మొహం చూడకుండా.

మార్చి 8, ఆదివారం

డ్రా. మేం గోల్ కొట్టి నెల దాటింది. అంత వెనక నిలబడితే ఎదుటి గోలు దాకా బంతి చేరితేగా. ఇలాగే సాగితే సీజన్ చివరికి కింది డివిజన్‌లో పడతాం.

బావమరిది భోజనానికి వచ్చాడు. మా గోల్ కీపర్ వాడే. కొండంత మనిషి, అబద్ధం చెబితే మాత్రం చెవులు ఎర్రబడిపోతాయి. గిన్నెలు తుడుస్తుంటే వంటింటి తలుపు వేసి నిలదీశాను.

పోయిన సీజన్లో ఒక వింగర్ అంచు వెంట దూసుకొచ్చి నన్ను రెండుసార్లు దాటేసి గోల్ కొట్టాడు. ఆ రోజు నేను షవర్‌లో ఉండగా అందరూ కూడబలుక్కున్నారట. కెప్టెన్ జనం ముందు వెనకబడకూడదు, మనమే ముందుగా వెనక్కి జరిగి నిలబడదాం, అప్పుడాయన పరుగెత్తే పనే ఉండదు అని. కోచ్ కూడా సరే అన్నాడట. నిన్ను నవ్వుల పాలు చేస్తే మేం అన్నం తినలేం బావా అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

నీకు తెలుసా అని మా ఆవిణ్ణి అడిగాను. స్టాండ్స్‌లో కూర్చునే ప్రతివాళ్ళకీ తెలుసు, నీకు తప్ప అంది.

మార్చి 9

కోపంగా ఉంది. ఎవరి మీదో తేలడం లేదు.

మార్చి 11, బుధవారం

కోచ్ గదికి వెళ్ళాను. వాడు నా పక్కన పదేళ్ళు ఆడినవాడు, కాబట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. నా ఒక్కడి పరువు కోసం క్లబ్బుని ముంచుతావట్రా అన్నాను. అంతా విని, నిన్ను బెంచ్ మీద కూర్చోబెట్టడానికి నాకు చేతులు రావురా అన్నాడు. అలాంటి మనిషిని ఇంకేం తిట్టను?

ఒక్కటే అడిగాను. ఆదివారం నన్ను ఆడించు, కానీ లైన్ మైదానం మధ్యలోనే ఉండాలి, నాకోసం ఎవడూ జరగకూడదు. నిలబడగలిగితే ఆ కాగితాల మీద సంతకం పెడతాను. లేకపోతే ఆట మానేస్తాను. కిటికీ వైపు తిరిగి ఊఁ అన్నాడు.

మార్చి 14, శనివారం

నిలబడతాననే అనిపిస్తోంది. మోకాలు ఈరోజు మంచిగానే మాట వింటోంది.

మార్చి 15, ఆదివారం

మొదటి బంతి నా తల మీదుగా పడింది. తిరిగి పరుగెత్తాను. ఒకప్పుడు తిరగడం, పరుగెత్తడం ఒకే పని. ఇప్పుడు రెండు పనులయ్యాయి. ఆ మధ్యలో వాళ్ళ వింగర్ దాటిపోయాడు. దాటుతూ సారీ సర్ అన్నాడు. తిట్టినా బాగుండేది. వెళ్ళి గోల్ కొట్టాడు.

మా సెంటర్ బ్యాక్ అలవాటు కొద్దీ వెనక్కి జరగబోయాడు. జరిగితే కాళ్ళు విరగ్గొడతానని అరిచాను. జరగలేదు, బంగారం. నా ముందున్న మావాళ్ళు ఆ రోజు కిటికీలోంచి చూసినట్టే ఆడారు. హాఫ్ టైమ్ లోపే గోల్ తిరిగి కొట్టారు. నెల తర్వాత మొదటి గోల్! నేనూ ఎగిరి గంతేశాను, వాళ్ళందరికంటే వెనకనుంచి.

రెండో సగంలో ఆ వింగర్ నన్ను మళ్ళీ దాటాడు. ఈసారి బావమరిది ఆపాడు. నాకు అర్థమైంది. చెయ్యెత్తాను, నన్ను మార్చమని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తలేదు. కోచ్ చూడనట్టు బూటు లేసు వైపు చూస్తున్నాడు. ఒరేయ్ అని కేకేస్తే గానీ తలెత్తలేదు.

కెప్టెన్ బ్యాండు బావమరిదికి తొడగబోతే గ్లవ్ దగ్గర ఇరుక్కుంది. వాడు ఏడుస్తూ లాగుతాడు, నేను తిడుతూ లాగుతాను. రిఫరీ నవ్వాడు. చివరికి గ్లవ్ విప్పి తొడిగాను. స్టేడియం అంతా లేచి నిలబడింది. బెంచ్ దాకా నడవడం చాలా కష్టమైంది. మోకాలి వల్ల కాదు.

మూడు ఒకటి. గెలిచాం. నేను లేని అరగంటలోనే రెండు గోల్స్. సంతోషంతో పాటు కడుపు మండింది కూడా, దాచడమెందుకు.

మార్చి 16, సోమవారం

కాగితాలు సంతకం లేకుండా తిరిగిచ్చేశాను. సీజన్ అయ్యేదాకా ట్రైనింగ్‌కి వస్తానని, మ్యాచ్‌లు ఆడనని చెప్పాను. ఇంటికొచ్చి ఏడ్చాను, బాగా. మా ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరింది. నువ్వు ఆడిన మ్యాచ్‌లన్నీ చూశాను, నువ్వు చెయ్యెత్తిన నిన్నటిలాంటిది ఇంకోటి చూడలేదు అంది. ఆ వెంటనే, ఇక సామాన్ల గదిలో ఆ పాత బూట్లన్నీ తీసి పారెయ్యమంది.

మే 17

చివరి మ్యాచ్ అయింది. క్లబ్బు ఉన్న డివిజన్‌లోనే నిలిచింది. డ్రెస్సింగ్ రూమ్‌లో డాన్స్ చేశాను. మోకాలు వాచింది.

ఆగస్టు 16, ఆదివారం

కొత్త సీజన్. టికెట్ కొనుక్కుని మా ఆవిడ పక్కన కూర్చున్నాను. లైన్ కాస్త వెనక్కి జరిగినట్టనిపించి లేచి, ముందుకు రండ్రా అని అరిచాను. వెనక సీటాయన నా భుజం తట్టాడు. తిరిగితే గుర్తుపట్టాడు, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత కూర్చోమన్నాడు, అడ్డంగా ఉన్నానట.

కూర్చున్నాను.