పని అయిపోయిన కంటైనర్

మే 4, ఆదివారం
మా మేనేజరు షాజీ సార్‌కి కొత్త పిచ్చి. డ్యూటీ యాప్ కంటైనర్లన్నీ, అంటే సర్వర్లో ఒక్కో పని చేసే ప్రోగ్రాములన్నీ, ఆఫీసు టీవీ మీద కనబడాలట, నడుస్తున్నట్టు అన్నీ పచ్చగా ఉండాలట. వెబ్, డేటాబేస్ రోజంతా నడిచేవే... సరే. డ్యూటీ చార్టు ఎక్కించేది మాత్రం ఒక్కసారి లేచి, పని చేసి, ఆగిపోతుంది. అలాగే ఆగాలి కూడా. "చచ్చిపోయింది, లేపు" అంటారు. పని అయిపోయింది సార్ అన్నాను. రేపు కఫీల్, మా అందరి వీసాల యజమాని, వస్తున్నాడు, ఆగినట్టు కనబడకూడదు అన్నారు. ఒళ్లు మండింది. ఆగినప్పుడల్లా మళ్లీ లేచేలా పెట్టేశాను. ఏడవనీ.

మే 5
కఫీల్ వచ్చాడు. చూశాడు. బాగుందన్నాడు. అంతా పచ్చ.

మే 8, గురువారం
మా కంపెనీ తరఫున అమ్వాజ్‌లో ఏసీలు బాగుచేసే లింగయ్యన్న ఫోన్. "చెల్లె, నేను పారిపోయిన్నని కేసు పెడ్తున్నరట. నేను దవఖానల ఉంటి గద. సెలవు మీ యాప్‌లనే ఎక్కిచ్చిర్రు గద."

చూశాను. సెలవు లేదు. ఆ కంటైనర్ లేచినప్పుడల్లా పాత చార్టు తెచ్చి కొత్తదాని మీద పరిచేసింది. అది చేసిందల్లా నమోదయ్యే లాగ్ నిండా అదే... దేవా.

కోపంలో చేతులు ఆగలేదు. ఆ కంటైనర్ని పీకేశాను. ఒక్కసారే నడిచి ఆగేలా, అది సరిగ్గా ముగిశాకే వెబ్ లేచేలా మళ్లీ పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది — కంటైనర్ని తీసేస్తే దాని లాగ్ కూడా పోతుంది. పోయింది. ఉన్న సాక్ష్యం అదొక్కటే. సెలవిచ్చిన సూపర్‌వైజర్ గుర్తులేదంటున్నాడు. నా అంత తెలివితక్కువది ఈ బహ్రెయిన్‌లో ఉండదు.

మే 9, శుక్రవారం
హూరాలో మా చర్చి ప్రార్థన. పాడుతున్నాను, మనసు లేదు. బయటికి వస్తే మెట్ల దగ్గర లింగయ్యన్న. ఎప్పుడూ మా కూడికకి రాని మనిషి. ఆస్పత్రి చీటీ చూపిస్తే, చెప్పకుండా పోయావు కదా అన్నారట ఆఫీసులో. "నువ్వు చెప్తె ఇంటరు చెల్లె." చెప్తానన్నాను. కేసు పడితే వీసా పోతుంది, పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. చెప్పకుండా ఎలా ఉంటాను?

మే 10
షాజీ సార్ ఫోన్. యాప్ తప్పంటే పోయేది నీ ఉద్యోగమే, నీ వీసా రెన్యువల్ కూడా కఫీల్ చేతిలోనే ఉంది అని. లేపమన్నది ఎవరండీ? నోటిదాకా వచ్చింది. ఫోన్ పెట్టేశాను. భయం.

మే 11, ఆదివారం
కఫీల్ గది బయట బెంచీ మీద రాస్తున్నాను. లోపల చెప్పేశాను — సెలవు చెరిపింది యాపే, లింగయ్యన్న చెప్పకుండా పోలేదు. యాప్‌ని ఎవరు పెట్టారలా అన్నాడు కఫీల్. నేనే అన్నాను. ఎవరు పెట్టమన్నారంటే షాజీ సార్ పేరు కూడా చెప్పాను. పక్కనే కూర్చున్న ఆయన నావైపు చూడలేదు, అలా ఎప్పుడూ చెప్పలేదన్నారు. సాక్ష్యం చూపించు అన్నాడు కఫీల్. లేదన్నాను. బయట కూర్చోమన్నాడు.

లింగయ్యన్న ఫోన్... ఎత్తాను. "చెప్పినవా చెల్లె?" చెప్పానన్నా.

"నమ్మిండా?"

తలుపు ఇంకా మూసే ఉంది.