ఏకగ్రీవం కాని ఒక తీర్మానం

అయ్యా,

విషయం: ప్రజాస్వామ్య పాలనపై పరిశోధనకు తమరు మంజూరు చేసిన ఆరు నెలల విజిటింగ్ ఫెలోషిప్‌ను నేను వదులుకుంటున్నట్లు తమ కార్యాలయానికి చేరిన లేఖను రద్దు చేయుట గురించి.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఇంటి మీద అలిగి పోతున్నానని మావాళ్ళు అనుకుంటున్నారు. తమరుండే ఊళ్ళో నాకెవరో ఉన్నారని అన్నయ్య అనుమానం. మంజూరు పత్రం కింద సంతకం పెట్టిన తమరు తప్ప ఆ ఊళ్ళో నాకు తెలిసినవారు లేరు. ఆ మాటే చెబితే అమ్మ, "మరి ఎవరూ లేని చోటికి ఎందుకే?" అంది. ఉంటే ఒక తప్పు, లేకపోతే ఇంకో తప్పు.

2. పురపాలక సమావేశాల్లో కాదన్నవారి మాట మినిట్స్ పుస్తకాల్లోకి ఎలా ఎక్కుతుంది, ఎలా ఎక్కదు అన్నది నా పరిశోధన. ఇప్పటికి నలభై పుస్తకాలు చదివాను. ఎవరెంత గొంతు చించుకున్నా చివరి వరుసలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అనే ఉంటుంది. అందులో పదిహేడు పుస్తకాలు మా నాన్నగారి చేతిరాత. ముప్పై ఏళ్ళు ఆ కార్యాలయంలో మినిట్స్ రాసిన గుమాస్తా ఆయన.

3. పోయిన నెల ఒక ఆదివారం భోజనాలయ్యాక నాన్నగారు బల్ల తుడిపించి, నేను వెళ్ళరాదన్న తీర్మానాన్ని ఓటుకు పెట్టారు. వెటకారానికి కాదు. న్యాయంగా ఉండటమంటే ఆయనకు అదే. అమ్మ, అన్నయ్య చేతులెత్తారు. వదిన చెయ్యి భుజం దాకా లేచి, అన్నయ్య వైపు చూశాక పైకి వెళ్ళింది. నాన్నగారిది నాలుగోది. వ్యతిరేకం నేనొక్కదాన్ని. ఓటు విలువ గురించి ఇంటిల్లిపాదికీ ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పింది నేనే గనుక కిక్కురుమనడానికి లేకపోయింది.

4. ఆ తీర్మానం నకలు జతచేసి నాన్నగారు తమకు లేఖ పంపిన సంగతి, తమ విభాగం "విరమణ అంగీకరించడమైనది" అని జవాబిచ్చి, ఆ కాగితాల జిరాక్సు జతపరిచాకే నాకు తెలిసింది. "దరఖాస్తుదారుతో సహా అందరూ ఏకగ్రీవంగా" అని అందులో ఉంది. నా సంతకం ఎక్కడా లేదు. హాజరైనవారి జాబితాలో పేరుంది. హాజరును తమవారు అంగీకారం కింద జమకట్టారు. అంత పద్ధతిగా రాసిన కాగితాన్ని ఏ కార్యాలయం మాత్రం అనుమానిస్తుంది?

5. నాన్నగారిని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగానే చెప్పారు.

"కాదన్నవాళ్ళ పేరు రాస్తే మర్నాడు వాళ్ళ పక్కన కూర్చుని టీ తాగేవాళ్ళుండరమ్మా. నా కళ్ళతో చూశాను. అందుకే ఎవరి పేరూ రాయలేదు. నీది మాత్రం ఎలా రాస్తాను?"

"రాయకపోతే ఒంటరిదాన్ని కానా నాన్నా?"

ఆయన పేపరు విప్పుకున్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరూ నాతో బాగానే మాట్లాడుతున్నారు. అన్నం పెట్టుకోమంటారు, ఫ్యాను ఆపమంటారు. ఆ ఆదివారం సంగతి మాత్రం ఎత్తరు. నేనెత్తితే, "ఎప్పుడు?" అన్నట్టు చూస్తారు. నలుగురి మధ్య కూర్చుని, నేను కాదన్నానా లేదా అని నాకే అనుమానం వచ్చేటట్టుంది.

6. వచ్చే సోమవారం సాయంత్రం లోపు చేరకపోతే ఈ స్థానం తరువాతి వారికి పోతుందని తమ నిబంధన.

కావున పై లేఖను రద్దు చేసి, నేను కాదన్నానన్న ముక్క తమ ఫైలులోనైనా నమోదు చేయగలరని ప్రార్థన. ఈ మనవిని తమరొక్కరు చిత్తగించినా చాలు, ఏకగ్రీవం అక్కర్లేదు.

తమ విధేయురాలు,
హాజరైనవారి జాబితాలో అయిదో పేరు

మరో మాట: నాన్నగారి పుస్తకాల్లో కొన్నిచోట్ల "ఏకగ్రీవంగా" పక్కన సన్నటి పెన్సిల్ చుక్క ఉంటుంది. పాత సభ్యులను కలిసి సరిచూశాను. ఎవరో ఒకరు కాదన్న రోజుల్లోనే ఆ చుక్క ఉంది. దాని గురించి ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. తమరు పంపిన జిరాక్సులోనూ "ఏకగ్రీవంగా" పక్కన ఏదో ఉంది. చుక్కో, మెషీను మరకో తెలియడం లేదు. అసలు కాగితం తమ దగ్గరుంది. దాని మీద ఎవరూ రబ్బరు పెట్టకుండా చూడండి. నేనే వచ్చి చూసుకుంటాను. చుక్కయినా, మరకయినా, సోమవారం ఉదయం చేరుతున్నాను.