రేపు నా క్లాసులో నాన్న

చోడవరం, ఫిబ్రవరి 1995, బుధవారం రాత్రి

నిద్ర పట్టట్లేదు! పొద్దున్న నాన్న మా బడికొచ్చేసేడు, "గవర్నమెంటు పోస్టుకి అప్లికేషన్ పెట్టకుండా ఈ పాకలో పాఠాలేటే?" అని దెబ్బలాడ్డానికి. గుమ్మంలోనే ఒక గుంట ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతా, ఈ చెరుకు గెడ నీడ కొలిచేం, కొబ్బరిచెట్టు నీడా కొలిచేం. చెట్టు పొడుగెంతో ఎలా సెప్పాల?"

అంతే! నాన్న రిటైరైన లెక్కల మేష్టారు కదా, పంచె ఎగ్గట్టి, మధ్యాహ్నం దాకా పిల్లల్తో ఎండలోనే ఉండిపోయేడు. నన్ను తిట్టడమే మర్చిపోయేడు.

ఇంటికొచ్చేక, "రేపట్నుంచి నేనూ చెప్తానే" అన్నాడు. గంతేసేను. తర్వాత గుర్తొచ్చింది, మా బళ్ళో కొత్త మేష్టారెవరైనా ముందు వారం రోజులు పిల్లల పక్కన చాప మీద కూర్చుని పాఠం వినాలి. భయపడుతూనే చెప్పేను. "సరే" అన్నాడు! పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటన్నాడు.

లెక్క తప్పితే నా చెవి మెలేసిన మనిషి. రేపు మొదటి క్లాసు నాదే. లెక్కలు.