వాయవ్యం గది

మార్చి 9, ఆదివారం

తరోడా నాకా అవతల ప్లాటు మనదైంది. కైలాశన్న రిజిస్ట్రీ కాగితాలు దేవుడి ముందు పెట్టి దండం పెట్టాడు. మనీష వదిన గల్లీ అంతా పేడా మిఠాయి పంచింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. పెళ్ళి నేను చూసేశాను. ముఖేడ్‌లో అత్తగారింట్లో ఆరేళ్ళు చూసి, చాలనిపించి, ఒక ట్రంకుతో అన్న ఇంటికి వచ్చేశాను. ఈ అద్దె ఇంట్లో నేను పడుకునేది వంటగదిలో, గ్యాస్ సిలిండర్ పక్కన.

ప్లాన్ గీసేది నేనే. ఇంజనీర్ అభయ్ సర్ ఆఫీసులో పొద్దంతా కంప్యూటర్ మీద నాందేడ్ వాళ్ళందరి ఇళ్ళూ గీస్తావు కదా, మన ఇంటికి బయటోళ్ళెందుకు అన్నాడు అన్న. నైరుతిలో అన్నావదినలు. దక్షిణంలో వాళ్ళ కూతురు శ్రేయ. ఆగ్నేయంలో వంట. వాయవ్యంలో పది బై పది గది. దాని మీద ఏం రాయాలి అని అడిగితే, నీ పేరే రాయి, గది నీదేనాయె అన్నాడు. క్యాపిటల్ లెటర్స్‌లో VATSALA అని రాశాను. జూమ్ చేసి చాలాసేపు చూశాను. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గేసింది.

మార్చి 16

వాస్తు పంతులు వచ్చాడు. ప్లాన్‌ను తలకిందులుగా పట్టుకుని చూశాడు, నేనే తిప్పి ఇచ్చాను. సండాసు వాయవ్యంలనే ఉండాలె, వేరే దిక్కుల అస్సలు పనికిరాదు అన్నాడు. పైగా వాయవ్యంల పండుకున్నోళ్లు ఆ ఇంట్ల నిలువరు, ఆడపిల్లలకైతే మంచిదే, లగ్గమై పోతరు అని కూడా అన్నాడు. అందరూ నన్ను చూసి, వెంటనే ఫ్యాన్‌ను చూశారు.

నేను ఒకసారి పోయి వచ్చినదాన్ని. ఆ దిక్కు నన్ను కొత్తగా ఏం చేస్తుంది?

మార్చి 18

నా గదిలోకి టాయిలెట్ వచ్చింది.

మార్చి 23

ఇవాళ కారు కూడా వచ్చింది. కారు ఇంకా కొనలేదు. ఎప్పుడు కొంటారో కూడా తెలీదు. కానీ గింత ఇల్లు కట్టి బండి రోడ్డు మీద పెడ్తే మంది నవ్వరా అన్నది వదిన. పార్కింగ్‌కు ఖాళీ వాయవ్యంలోనే దొరికింది. అన్న నా వైపు చూడకుండా చెప్పాడు. నువ్వు ఒక్కదానివి, హాల్ల దివాన్ ఏసుకుంటె అయిపాయె, టీవీ గూడ ఆడ్నే ఉంటది అని.

సరే అన్నాను. నాలుగు గోడలు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. హాల్లో దివాన్ పెట్టాను. లైబ్రరీలో రెడీమేడ్ బొమ్మ ఉంటుంది, రెండు దిండ్లతో సహా. ఫైల్‌కు ఫైనల్ అని పేరు పెట్టాను. ఇప్పటికి అది మూడో ఫైనల్.

మార్చి 30, ఉగాది

పక్కింటి మరాఠీ వాళ్ళు కర్రకు చీర కట్టి గుడీ నిలబెట్టారు. మేం పచ్చడి చేసుకున్నాం. బెల్లం ఎక్కువైంది.

అన్న ప్రింటు గోడకు అంటించాడు. శ్రేయ తింటూ తింటూ చూసి, అత్త రూమ్ ఏది పప్పా అని అడిగింది. ఇల్లంత అత్తదేనాయె బిడ్డా అన్నాడు అన్న.

ఇల్లంతా నాదైతే తలుపు వేసుకునే చోటు ఒక్కటీ ఉండదు. నాకు కోపం వచ్చింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా కోపం వచ్చింది. వదిన తప్పు కూడా లేదు. నేను వచ్చినప్పటి నుంచీ రెండు గదుల్లో నన్ను మోస్తోంది పాపం. అయినా సరే. నాకు ఒక తలుపు కావాలి. లోపలి నుంచి గడియ ఉన్న తలుపు. అంతకు మించి ఏం అడగడం లేదు. నిజానికి అది కూడా అడగలేదు.

ఏప్రిల్ 13

ప్లాట్‌లో ఒక గుంత తీయించి చూశారు. అంతా రేగడి. ఎండాకాలం నోరు తెరుస్తది, వానల ఉబ్బుతది, మొరం తగిలెదాక తొవ్వకుంటె గోడలు పలుగుతయి అన్నాడు పోశన్న మేస్త్రి. గట్టి మొరం చాలా లోతున తగిలింది. అన్న ముఖం చిన్నబోయింది.

ఇంటికొచ్చి మెట్లు ఇటు కాదు అటు అన్నాడు. మళ్ళీ గీశాను. అక్షయ తృతీయకు పునాది ముగ్గు పోయాలట. ఏది మార్చినా ఇప్పుడే కాయితం మీద మార్చాలె, ముగ్గు పోసినంక చెరిపితె ఇంటి ఆడబిడ్డ ఉసురు తాకుతది, నాయిన చెప్తుండె గుర్తుందా అని నన్నే అడిగాడు. గుర్తుంది అన్నాను. నాన్న మాట అన్న ఏనాడూ దాటలేదు. ఆ ఒక్కదానికి మెచ్చుకోవాలి.

ఏప్రిల్ 29, సాయంత్రం

మా వాళ్ళలో మొదటి గీత ఇంటి ఆడబిడ్డే పోయాలి. విడాకులు కాలేదు కనుక లెక్కకు నేను ముత్తైదువనే. చిక్కల్లా ఏమిటంటే ఆడబిడ్డ అత్తగారింటి నుంచి రావాలి. ముఖేడ్ పేరు ఎవరూ ఎత్తలేదు. వదినే ఉపాయం చెప్పింది. ఇయ్యాల నీ దోస్తు మీరా ఇంట్ల పండుకో, పొద్దున ఆటోల రా, మేము ఎదురొచ్చి కాళ్ళు కడుగుతం అని. పామూ చావదు, కర్రా విరగదు.

పట్టుచీర సంచిలో పెట్టుకుని వచ్చాను. ఇది మీరా వాళ్ళ పక్కగదిలో కూర్చుని రాస్తున్నాను. తలుపుకు గడియ ఉంది. వేసి చూశాను. తీసి మళ్ళీ వేశాను.

ఏప్రిల్ 30, అక్షయ తృతీయ

ఆటో దిగగానే వదిన కాళ్ళ మీద నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, రా ఆడబిడ్డా, దూరం నుంచి అచ్చినవు అన్నది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. నిన్న మధ్యాహ్నం దాకా ఒకే పీట దగ్గర చపాతీలు చేశాం.

పోశన్న మేకులు కొట్టి దారాలు కట్టి ఉంచాడు. పంతులు మంత్రాలు చదివాడు. అన్న సున్నం డబ్బా నా చేతికిచ్చి, తూర్పు దిక్కు ఒక్క గీత పొయ్యి, మిగతాది పోశన్న చూసుకుంటడు అన్నాడు. పోశాను. చెయ్యి ఆగలేదు అని రాస్తే అబద్ధం. నేనే ఆపలేదు. నడుచుకుంటూ వాయవ్యానికి పోయాను. అక్కడ టాయిలెట్‌కు తప్ప దారాలు లేవు. ఆ గదిని గీసిందీ నేనే, చెరిపిందీ నేనే, ఎంత నడవాలో నాకు తెలుసు. నల్లటి రేగడి మీద సున్నం బాగా కనిపించింది. తలుపు దగ్గర జాగా వదిలి, డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశాను.

ఇది కాయితంల లేదు కద అక్కా అన్నాడు పోశన్న. ఏందే ఇది, మరి కారేడ పెట్టాలె అని అన్న కేక వేశాడు. మనకు కారు లేదు కద పప్పా అన్నది శ్రేయ. వెళ్ళి ఆ గీతల మధ్య నిలబడింది కూడా.

అన్న గీత దగ్గరికి వచ్చాడు. చెప్పు విడిచాడు, చెరపడానికి కాలెత్తాడు. చెరుపు అన్నా, అన్నాను. పంతులు నోట్లో మంత్రం ఆగిపోయింది. ఆడబిడ్డ పోసిన ముగ్గు, కాలు తియ్యి సేఠ్ అన్నాడు. అన్న ఆ కాలు అట్లాగే గాలిలో ఉంచి నన్ను చూశాడు. చెమటలు కారుతున్నాయి. మా అన్న నాకు భయపడటం ఎన్నడూ చూడలేదు. జాలి వేసింది. అయినా సరే, అక్కడి నుంచి కదలలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికెనే అన్లేదు అని వదిన గొణిగింది, నాకు వినబడేట్టుగానే. తర్వాత కొత్త చీర తెచ్చి నా ఒడిలో పెట్టింది. అన్న కాలు వెనక్కి తీసుకుని, పోశన్నతో, తొవ్వుండ్రి అన్నాడు.

మే 3

అన్న నాతో మాట్లాడటం లేదు. అభయ్ సర్‌కు ఫోన్ చేసి ప్లాన్ మార్చమన్నాడట. సర్ నాకు చెప్పాడు. మార్చాను. టాయిలెట్‌ను అక్కడే ఉంచి నా గది వైపు గోడలో తలుపు పెట్టాను. నాకిప్పుడు అటాచ్డ్ బాత్రూమ్.

పొద్దున వదిన చాయ్ కప్పు నా ముందు పెట్టి, కిటికీ ఏ దిక్కు పెట్టిస్తున్నవు అని అడిగింది. పడమర అన్నాను. ఎండ కొట్టి సస్తవు, ఉత్తరం పెట్టించు అన్నది.

మే 8

అన్న తినేసి నేరుగా దుకాణానికి పోయాడు. శ్రేయతో చెప్పించాడు, సాయంత్రం సిమెంటు వస్తుందని.

మే 27

వాన. గుంతలన్నీ నిండాయి, పని ఆగింది. వాయవ్యం గుంతలో ఒక కప్ప ఉంది. పోశన్న తీసి పారేస్తానన్నాడు, ఉండనీ అన్నాను.

అన్న గొడుగుతో వచ్చి అంచున నిలబడ్డాడు. నీకన్న ముందే అచ్చి కూసున్నది చూడు అన్నాడు. ముగ్గు పోసిన తర్వాత నాతో అన్న మొదటి మాట.