కీలిన్ అనే పేరు నీకెవరు నేర్పారు

డెక్లన్,

పాప మా అమ్మ దగ్గర ఉంది. మూడింటికి సీసాలో పాలు వేడి చేసి పట్టు. నేను పేరు నమోదు చేయించడానికి గోల్వే పట్నం వెళ్తున్నాను. కాగితంలో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది.

తొలి ఆడపిల్లకు మా అమ్మమ్మ పేరు పెట్టడం మా వాడుక. సొరఖా. నాలుగేళ్లుగా నువ్వు సోర్కా అనే అంటున్నావు. పక్కింటి మ్విర్హర్తఖ్‌ను పేరుతో పిలవలేక ఇప్పటికీ "పెద్దాయనా" అంటావు. నిన్న మాత్రం కీలిన్ అని పెడదామన్నావు. మా ఐరిష్ రాతలో పదకొండు అక్షరాలున్న పేరది. ఒక్కచోటా తడబడలేదు.

నువ్వు బయటికి వెళ్లాక అమ్మ నవ్వింది. "డబ్లిన్ అల్లుడికి ఇదొక్కటే నోరెలా తిరిగిందే? పదిహేనేళ్లప్పుడు మన భాష నేర్చుకోడానికి వేసవంతా ఈ ఊళ్లోనే కదా ఉన్నాడు? ఎవరింట్లో దిగాడో కనుక్కో" అంది.

రాత్రి అడిగాను. గుర్తు లేదన్నావు. ఆ ఇంటి కుక్క పేరు మాత్రం చెప్పావు.

ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. ఈలోగా ఫోన్ చేసి ఆ కీలిన్ ఎవరో చెప్పు.

నూలా

పొద్దున పాలిస్తూ ఆ పేరుతో పిలిచి చూశాను. పాప తాగడం ఆపి నా ముఖంలోకి చూసింది. అందుకే అడుగుతున్నాను. లేకపోతే సొరఖా అని రాసేసి వచ్చేదాన్ని.